పిడుగు మబ్బును రాడారు చూచు విధము

దాళ్వా పంట కోతకు వచ్చు దినములును, పిడుగులు పడు దినములును మన గోదావరి డెల్టాలో ఒక్కటే. అశ్వని కార్తె మొదలు మృగశిర ప్రవేశించు వరకు, అనగా ఏప్రిలు నడుమ నుండి జూను మొదటి వారము వరకు, మధ్యాహ్నము రెండు మూడు గంటలకు పడమటి దిక్కున మబ్బు లేచుటయు, సాయంకాలమునకు ఈదురుగాలితో, ఉరుములతో వాన కురియుటయు మనము ఏటేట చూచుచున్నదే. ఆ వేళకే పొలములలో మనుష్యులు మెండుగ నుందురు. పనలు తడియకుండ కుప్ప వేయువారు, కళ్లములోని ధాన్యముపై బరకములు కప్పువారు, గొడ్లను ఇంటికి తోలుకొని వచ్చువారు, మామిడితోటలో రాలిన కాయ నేరువారు, అందరును మబ్బు నెత్తిమీదికి వచ్చిన పిమ్మట గూడ "ఇంకొక్క మోపు" అని నిలిచిపోవుదురు. ప్రాణహాని కలుగుచున్నది తరచుగ ఆ యొక్క మోపు కాలములోనే.

2018 ఏప్రిలు 24వ తేదీని ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 13 గంటల కాలములో 36,749 పిడుగులు నమోదైనవని రాష్ట్ర అధికారులు లెక్క చెప్పిరి. ఆ లెక్క ప్రపంచమందలి పత్రికలలో గూడ ప్రకటింపబడెను. జాతీయ నేర గణాంక సంస్థవారి లెక్క ప్రకారము 2022లో దేశమందు పిడుగుపాటున మరణించినవారు 2,887 మంది. ఆ సంవత్సరము ప్రకృతి వైపరీత్యముల వలన కలిగిన మరణములన్నిటిలో ఇది మూడింట ఒక వంతునకు మించినది. వీరిలో పెక్కుమంది పల్లెలలో బయట పనిచేయువారే. తుఫాను వచ్చుచున్నదనిన రెండు మూడు దినములు ముందుగనే దండోరా పడును. లంకలవారిని గట్టుకు చేర్చుదురు. 1977, 1996 సంవత్సరముల నవంబరు తుఫానులు చూచినవారికి ఆ భయము వేరుగ చెప్పనక్కరలేదు. పిడుగు మబ్బు అట్లు కాదు. అది ఉదయమున ఉండదు. మధ్యాహ్నమునకు పుట్టి, రాత్రికి చచ్చును. దానిని గూర్చి ముందుగ తెలియుటకు మనకు దొరకునది ఒక గంట, మహా యైన రెండు గంటలు. ఆ గంటను మనకు సంపాదించి పెట్టు యంత్రము రాడారు. దాని చిత్రము నేడు చేతిలోని ఫోనునకే వచ్చుచున్నది గాని, చదువుట తెలిసినవారు మా పర్యటనలలో మాకు కొలదిమందియే కనబడిరి. కావున ఈ నెల ఎరువులను, పురుగుమందులను ప్రక్కనబెట్టి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

మొదట మబ్బు సంగతి. మన భాషలో మెరుపు, ఉరుము, పిడుగు అని మూడు మాటలు గలవు. మబ్బులోనే ఒక చోటి నుండి మరియొక చోటికి విద్యుత్తు దుమికిన అది మెరుపు; అదియే నేలకు దిగిన పిడుగు; ఆ దారిలోని గాలి కనురెప్పపాటులో సుమారు 30,000 డిగ్రీల వరకు కాగి, ఒక్కుమ్మడి విరిసికొనుటచే కలుగు చప్పుడు ఉరుము. ఇంగ్లీషువారు సామాన్యముగ మెరుపును, పిడుగును ఒకే మాటతో పిలుతురు. మన పెద్దలు వేరు చేసి చెప్పిన ఈ భేదము శాస్త్రమునకు సరిగ సరిపోవుచున్నది. ఏలయన, మెరుపులలో అధిక భాగము మబ్బు విడిచి క్రిందికి రానే రావు. మనకు కీడు చేయునది తక్కిన కొద్ది భాగము.

ఈ విద్యుత్తు ఎచట నుండి వచ్చును? వేసవి ఎండకు పడమటి మెట్ట భూములు కాగి, వాటిపై గాలి తేలికయై పైకి లేచును. మధ్యాహ్నమునకు బంగాళాఖాతము నుండి తేమతో నిండిన సముద్రపు గాలి కోనసీమను, నరసాపురమును దాటి లోపలికి వచ్చును. తడిగాలియు, పొడి వేడిగాలియు ఎదురుపడిన చోట ఆ తడిగాలి పైకెత్తబడి, దూదికుప్పల వంటి మబ్బుగ మారును. మన ప్రాంతమున వేసవిలో సుమారు 5 కిలోమీటర్ల ఎత్తున నీరు గడ్డకట్టు చల్లదనము మొదలగును. సామాన్యమైన మబ్బు దానికి దిగువనే నిలిచిపోవును. పిడుగు మబ్బు దానిని దాటి పోవును. గట్టిదైనచో దాని తల 15 కిలోమీటర్ల ఎత్తును గూడ మించును. ఆ పైభాగమున మూడు వస్తువులు కలిసి తిరుగుచుండును: సున్న డిగ్రీలకు దిగువకు పోయినను ఇంకను గడ్డకట్టని నీటి తుంపరలు, సన్నని మంచు పలుకులు, ఆ తుంపరలు అంటుకొని బరువెక్కిన మెత్తని వడగండ్ల గింజలు. మంచు పలుకులును, వడగండ్ల గింజలును రాచుకొన్నప్పుడెల్ల ఒకదాని నుండి మరియొకదానికి కొంత విద్యుదావేశము మారును.

ఇక జరుగునది కళ్లములో మనము తూర్పారబట్టుటయే. చేటనెత్తి గాలికి విడిచినప్పుడు తాలు దూరముగ కొట్టుకొనిపోవును, గట్టి గింజ దగ్గర పడును. మబ్బులో గాలి క్రింది నుండి పైకి వీచును. తేలికయైన మంచు పలుకులు ధనావేశముతో మబ్బు తలకు కొట్టుకొనిపోవును. బరువైన గింజలు ఋణావేశముతో నడుమ భాగమున నిలుచును. ఈ ఎడబాటు పెరిగి పెరిగి, నడుమనున్న గాలి ఇక ఆపలేని స్థితి వచ్చినప్పుడు మెరుపు పుట్టును. కాబట్టి పిడుగునకు పుట్టినిల్లు మబ్బు అడుగున గాదు, దాని నడుమ, గడ్డకట్టు ఎత్తునకు పైనున్న భాగములో. ఈ యొక్క మాటను సభ్యులు జ్ఞాపకముంచుకొనవలెను, రాడారు చిత్రము చదువుటలో దీనితోనే పని.

రాడారును కనిపెట్టిన కథయు ఈ పిడుగులతోనే మొదలైనది. స్కాట్లండు దేశస్థుడగు రాబర్ట్ వాట్సన్-వాట్ మొదటి మహాయుద్ధ కాలమున, 1915లో, బ్రిటిషు వాతావరణ శాఖలో చేరెను. విమానములను నడుపువారికి ఉరుముల గాలివానలు ఎచట నున్నవో ముందుగ తెలుపుట ఆయనకు అప్పగింపబడిన పని. మెరుపు మెరిసినప్పుడు రేడియోలో గరగరమను చప్పుడు వచ్చుటను మన మెరుగుదుము. ఆ గరగర ఏ దిక్కు నుండి వచ్చుచున్నదో కనుగొని, మెరుపు చోటును గుర్తించు ఉపాయమును ఆయన యెన్నో ఏండ్లు సాధన చేసెను. ఆ అనుభవముతోనే 1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండులోని డావెంట్రీ అను చోటి దాపున, ఆర్నాల్డ్ విల్కిన్స్ అను సహచరునితో గూడి, విమానమును తాకి మరలిన రేడియో తరంగములను పట్టి చూపెను. రెండవ మహాయుద్ధములో ఆ యంత్రము శత్రు విమానములను వెదకుటకు ఉపయోగపడుచుండగా, 10 సెంటీమీటర్ల తరంగములతో పనిచేయు క్రొత్త రాడారులపై వానజల్లులు అడ్డుగ కనబడసాగెను. యుద్ధము చేయువారికి అది చీకాకు. వాతావరణ శాస్త్రజ్ఞులకు అదియే నిధి యైనది.

యుద్ధము ముగిసిన వెంటనే అమెరికాలో 1946లో ఫ్లారిడా యందును, 1947లో ఒహాయో యందును హోరేస్ బయర్స్, రోస్కో బ్రహాం అను శాస్త్రజ్ఞులు రాడారులతో మబ్బులను కనిపెట్టుచు, ఆ మబ్బులలోనికే విమానములను వేరువేరు ఎత్తులలో పంపి పరీక్షించిరి. పిడుగు మబ్బు ఒక్క ముద్ద కాదనియు, అది కొన్ని కణముల గుంపనియు, ఒక్కొక్క కణమునకు పుట్టుక, యౌవనము, ముసలితనము అను మూడు దశలు గలవనియు, ఒక కణము ఆయుర్దాయము రమారమి ఒకటి రెండు గడియలనియు వారు తేల్చిరి. మొదటి దశలో గాలి అంతయు పైకే పోవును, వాన ఉండదు. రెండవ దశలో ఒక ప్రక్క గాలి పైకి, ఒక ప్రక్క వానతో గూడిన చల్లగాలి క్రిందికి. మెరుపులు, పిడుగులు, వడగండ్లు ఈ దశలోనివే. మూడవ దశలో గాలి అంతయు క్రిందికి దిగి, జల్లు సన్నగిల్లును. ఐతే చచ్చు కణము నుండి నేలకు దిగిన చల్లగాలి నలుదిక్కుల ప్రాకి, ప్రక్కనున్న వేడిగాలిని పైకెత్తి మరియొక కణమును పుట్టించును. ఒక వాన వెలిసినదని పొలమునకు పోయినవారిపై రెండవ మబ్బు వచ్చి పడుట ఇందువలననే.

రాడారు పనిచేయు విధము తెలియుటకు పాపికొండల నడుమ లాంచీలో పోవునప్పుడు కేకవేసి చూచినవారికి కష్టముండదు. కేక కొండను తాకి మరలి వచ్చును. ఎంత ఆలస్యముగ వచ్చెనో చూచిన కొండ ఎంత దూరమో చెప్పవచ్చును. రాడారు కేకకు బదులు రేడియో తరంగమును పంపును. అది సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును గనుక, 150 కిలోమీటర్ల దూరముననున్న వానను తాకి మరలుటకు సెకనులో వెయ్యవ వంతు చాలును. తరంగమును పంపు పళ్లెము గుండ్రముగ తిరుగుచుండును, ఒక్కొక్క చుట్టునకు కొంచెము పైకెత్తబడుచుండును. కాబట్టి మబ్బు ఏ దిక్కున, ఎంత దూరమున, ఎంత ఎత్తున నున్నదో మూడును తెలియును. మరలి వచ్చిన తరంగము బలమునుబట్టి అచటి వాన బలము తెలియును. చినుకు వెడల్పు రెండింతలైనచో ప్రతిధ్వని 64 రెట్లగును. అందుచేత ఈ బలమును మామూలు అంకెలతో గాక డీబీజడ్ అను కొలతతో చెప్పుదురు. ఆ కొలతలో 10 పెరిగిన అసలు బలము పది రెట్లు పెరిగినట్లు. 20 అనిన సన్నని తుంపర. 40 అనిన గట్టివాన. 50 దాటినచో కుండపోతయో, వడగండ్లో, రెండునో యుండవచ్చును. చిత్రములో ఈ అంకెలకే రంగులు వేయుదురు. ఏ రంగు ఏ అంకెయో ప్రక్కన పట్టిక యుండును. ఎరుపు కనబడగనే బెదరక, ఆ పట్టికను చూడవలెను.

మన రాడారులను డాప్లరు రాడారులందురు. గోదావరి వంతెన మీదుగ రాజమహేంద్రవరము స్టేషనునకు వచ్చు రైలు కూత వేసినప్పుడు, బండి మన దిక్కునకు వచ్చునంతసేపు కూత సన్నముగను, మనలను దాటిన వెంటనే బొంగురుగను వినబడును. క్రిస్టియన్ డాప్లరు అను ఆస్ట్రియా దేశపు పండితుడు 1842లో దీని కారణమును చెప్పెను. వాన చినుకులు రాడారు వైపునకు వచ్చుచున్నవో, దూరముగ పోవుచున్నవో ఈ మార్పునుబట్టియే తెలియును. అనగా మబ్బులోని గాలి వేగము తెలియును. తుఫానునకు ఇది ముఖ్యము. పిడుగు మబ్బు నుండి దిగు ఈదురుగాలిని కనిపెట్టుటకు గూడ ఉపయోగింతురు. అరటి తోటలవారు దీనిని గమనింపవలెను.

మన దేశమున తుఫానులను కనిపెట్టు మొదటి రాడారు 1970లో విశాఖపట్టణమున నెలకొల్పబడెను. తరువాత డాప్లరు రాడారులు మచిలీపట్టణమున 2004లోను, విశాఖపట్టణమున 2006లోను వచ్చినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ రాడారును దెబ్బతీసెను. యంత్రమైనను గాలికి లోబడినదే. ఉభయ గోదావరి మండలములు (2022 ఏప్రిలు 4 నుండి ఇవి అయిదారు జిల్లాలుగ నున్నను మనము ఉభయ గోదావరులనియే అందుము) ఈ రెండు రాడారుల నడుమ నున్నవి. ఇది మన అదృష్టమే గాని, ఒక చిక్కు గలదు. దానిని కొంచెము విపులముగ చెప్పెదము.

భూమి గుండ్రముగ నున్నది, రాడారు కిరణము తిన్నగ, కొంచెము పైచూపుతో పోవును. కాబట్టి దూరము పెరిగినకొలది కిరణము నేలకు ఎత్తగుచుండును. అర డిగ్రీ పైచూపుతో విడిచిన కిరణము మచిలీపట్టణము నుండి సుమారు 60 కిలోమీటర్ల దూరమున భీమవరము మీదుగ పోవునప్పుడు ముప్పాతిక కిలోమీటరు ఎత్తున నుండును. సుమారు 100 కిలోమీటర్ల దూరమునగల అమలాపురము మీద ఒకటిన్నర కిలోమీటరు. రాజమహేంద్రవరము మీద దాదాపు రెండు కిలోమీటర్లు. కాకినాడ మీద రెండున్నర. అంతకు దిగువ జరుగునది ఆ కిరణమునకు కనబడదు. అట్లే కిరణము వెడల్పు సుమారు ఒక డిగ్రీ. 100 కిలోమీటర్ల దూరమున అది ఒకటిముప్పాతిక కిలోమీటరు వెడల్పగును. కావున రాడారు చిత్రమును చూచి "మా చేనిమీద మబ్బు లేదు, ప్రక్క చేనిమీద నున్నది" అని చెప్పజూచుట వృథా. ఊరి లెక్కనే చెప్పగలము, చేని లెక్కను చెప్పలేము. చిత్రమున వాన చూపి, నేలమీద చినుకు పడకపోవుటయు కలదు. పైన కురిసినది క్రిందికి వచ్చునంతలో వేసవి పొడిగాలిలో ఆరిపోవును. అట్టి దినమున "యంత్రము అబద్ధమాడెను" అని నవ్వువారు, ఆ మబ్బు నుండి పిడుగు పడుటకు అడ్డమేమియు లేదని తెలిసికొనవలెను.

ఇక పిడుగు మాట. రాడారు పిడుగును చూడదు. పిడుగు పుట్టు ఇంటిని చూచును. పైన చెప్పినట్లు ఆ యిల్లు గడ్డకట్టు ఎత్తునకు పైన నున్నది. దేశదేశముల వారు చేసిన పరీక్షలలో తేలిన సూత్రమిది: ఉష్ణోగ్రత సున్నకు దిగువ 10 డిగ్రీలు గల ఎత్తున, అనగా మన వేసవిలో సుమారు ఆరున్నర, ఏడు కిలోమీటర్ల ఎత్తున, 40 డీబీజడ్ ప్రతిధ్వని కనబడినచో ఆ మబ్బు నుండి మొదటి మెరుపు ఇంచుమించు 10, 20 నిమిషములలో పుట్టవచ్చును. కారణము స్పష్టమే. అంత ఎత్తున అంత గట్టి ప్రతిధ్వని వచ్చినదనిన, బరువైన వడగండ్ల గింజలు అచటకు ఎత్తబడినవని అర్థము. తూర్పారబట్టుట మొదలైనదని అర్థము. వాతావరణ శాఖవారి చిత్రములలో మాక్స్-జడ్ అను దానిలో నడుమ ప్రాంతపు పటమును, పైప్రక్కను కుడిప్రక్కను మబ్బుల ఎత్తును తెలుపు రెండు పట్టీలును ఉండును. మనవారు నడుమ పటమును మాత్రమే చూచి విడుతురు. పిడుగు సంగతి తెలియునది ప్రక్క పట్టీలలో. ఎరుపు, పసుపు రంగులు పట్టీ అడుగుననే యున్నచో అది వాన మబ్బు; అవి పొడుగుగ పైకి నిలిచియున్నచో అది పిడుగు మబ్బు. చిత్రముపై కాలము యూటీసీ అని వ్రాసియున్నచో దానికి 5 గంటల 30 నిమిషములు కలిపిన మన కాలము వచ్చునని మరువరాదు.

మెరుపులను నేరుగ కనిపెట్టు సాధనములు వేరుగ గలవు. అవి వాట్సన్-వాట్ పాత ఉపాయమునకు మనుమలు. పలుచోట్ల నిలిపిన గ్రాహకములు మెరుపు గరగరను విని, ఏ చోటికి ఎంత ముందుగ చేరెనో పోల్చి, మెరుపు పడిన చోటును లెక్కగట్టును. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థవారు తయారు చేయించిన దామిని అను ఫోను సాధనము ఇట్టి గ్రాహకముల ఆధారముతో, మన మున్న చోటికి 20, 40 కిలోమీటర్ల లోపల పడిన పిడుగులను చూపుచున్నది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థవారును మండలముల పేర్లతో హెచ్చరికలు పంపుచున్నారు. రాడారు రాబోవుదానిని చూపును, గ్రాహకము వచ్చినదానిని చూపును. రెండును కావలయును.

లెక్క యొకటి చేసి చూతము. మధ్యాహ్నము 3 గంటలకు పొడవైన ఎరుపు మబ్బు నల్లజర్ల మీద నున్నదనుకొందము. 3 గంటల 30 నిమిషములకు అది తాడేపల్లిగూడెము మీదికి వచ్చినది. నడుమ దూరము సుమారు 18 కిలోమీటర్లు. అనగా మబ్బు గంటకు 36 కిలోమీటర్లు నడచుచున్నది. గూడెము నుండి భీమవరము సుమారు 30 కిలోమీటర్లు. మబ్బు ఆ దిక్కుననే వచ్చినచో 50 నిమిషములకు, 4 గంటల 20 నిమిషములకు భీమవరము చేరును. ఐతే పిడుగు మబ్బు అంచు నుండి 10 కిలోమీటర్ల దూరము వరకు వాన లేని చోట గూడ పడగలదు. ఆ పది తీసివేసిన మిగిలినది 20 కిలోమీటర్లు, 33 నిమిషములు. కావున భీమవరము చుట్టునున్న పొలములవారు 4 గంటలకు ఇంట నుండవలెను. దారి నడకకు పావుగంట పట్టువారు 3 గంటల ముప్పావుకే బయలుదేరవలెను. అప్పటికి నెత్తిమీద ఎండ కాయుచుండవచ్చును. ఎండలో పని విడుచుటకు మనస్సొప్పదు. ఈ పాఠములో కష్టమైన భాగము ఇదియే, శాస్త్రము కాదు.

ఫోను లేనివారికి, ఫోను గుడిసెలో విడిచి చేనిలో దిగినవారికి చెవియే రాడారు. మెరుపు కనబడినది మొదలు ఉరుము వినబడు వరకు సెకనులు లెక్కింపవలెను. మూడు సెకనులకు ఒక కిలోమీటరు. 30 లెక్కించులోగ ఉరుము వినబడినచో పిడుగు 10 కిలోమీటర్ల లోపల నున్నది, తక్షణము పొలము విడువవలెను. ఉరుము వినబడినప్పుడు అర్జునుని పేర్లు తలచుట మన పిల్లలకు పెద్దలు నేర్పిన అలవాటు. దానిని మానుమని మేము చెప్పము. ఆ పేర్లను ఉరుము వచ్చిన పిమ్మట గాక, మెరుపు కనబడగనే మొదలుపెట్టి, ఎన్ని పేర్లకు ఉరుము వచ్చినదో చూచిన అదియే గడియారమగును.

ఎచటికి పోవలెను? పక్కా భవనములోనికి, లేదా అన్ని ప్రక్కల ఇనుప రేకు గల బస్సు, కారు లోనికి. తాటాకు పాక, పంపుసెట్టు షెడ్డు, కళ్లములోని పందిరి వానకు చాటు గాని పిడుగునకు చాటు కావు. పైకప్పు తలుపులు లేని ట్రాక్టరును అట్లే. గట్టుమీది ఒంటి తాడిచెట్టు, కొబ్బరిచెట్టు, మామిడిచెట్టు క్రింద నిలుచుట మిక్కిలి అపాయము. పిడుగు చెట్టుమీద పడి, అచట నుండి ప్రక్క మనుష్యునికి దుముకును. లేదా నేలలో ప్రాకి ఒక కాలిలో ఎక్కి రెండవ కాలిలో దిగును. ఎడ్లకు, గేదెలకు ముందుకాళ్లకు వెనుకకాళ్లకు ఎడము ఎక్కువ గనుక చెట్టు క్రింద కట్టిన పశువులు ఒక్క దెబ్బకు గుంపుగ పడిపోవును. నీరు నిలిచిన చేను, కాలువ, చేపల చెరువు విడిచి రావలెను. ముళ్లకంచె తీగెను, మోటారు స్టార్టరును ముట్టరాదు. దిక్కులేక బయలులో చిక్కిన గుంపు విడివిడిగ నిలిచి, పాదములు దగ్గరగ చేర్చి, గొంతుక కూర్చుండవలెను, నేలమీద పండుకొనరాదు. ఇది రక్షణ కాదు, అపాయమును కొంత తగ్గించుట మాత్రమే.

ఇక సంఘములు చేయదగిన పని. మేము ఈ వేసవిలో పోయిన ఊళ్లలో హెచ్చరిక ఫోనునకు వచ్చుచునే యున్నది. రైతు చూచుచున్నాడు గాని కూలీలను పంపివేయుట లేదు. గుత్తకు కోసినవారు పని తెమలలేదని విడువరు. దినకూలికి వచ్చినవారు ఆసామి పొమ్మనక విడువరు. ఆసామి కూలి నష్టమును తలచును. అరగంట, గంట పని ఆగినందుకు కూలి తగ్గింపబడదని సంఘము తీర్మానము చేసి, నోటీసు పలక మీద వ్రాసిననే తప్ప ఈ హెచ్చరికలు వట్టివగునని మా దృఢమైన అభిప్రాయము. ఆడకూలీలే ఎక్కువగ దూరపు చేలలో నుందురు, వారి చెంత ఫోనులు తక్కువ. కావున ముఠామేస్త్రీకి ఒక ఈలయైనను ఇప్పింపవలెను. ఏప్రిలు, మే, జూను నెలలలో మధ్యాహ్నము 2 గంటల మొదలు 7 గంటల వరకు సంఘపు గుమాస్తాయో, చదువుకొన్న సభ్యుని కుమారుడో పది నిమిషముల కొకసారి రాడారు చిత్రమును చూచి, మబ్బు 30 కిలోమీటర్ల లోపలికి వచ్చినప్పుడు గుడి మైకులోనో, చర్చి గంటతోనో, మసీదు మైకులోనో ఊరికి తెలుపవచ్చును. మూడింటిలో ఏది పెద్దగ వినబడునో అదియే మంచిది. గోదాము గోడమీద తమ ఊరు నడుమ నుంచి 10, 20, 30 కిలోమీటర్ల చుట్లు గీసిన పటము వ్రేలాడదీసిన ఊళ్ల పేర్లతో పిల్లలే లెక్క చెప్పగలరు. ఖర్చు ఒక అట్ట, ఒక కంపాసు పెట్టె. మూడు హెచ్చరికలలో రెండు తప్పిపోవచ్చును. ఐనను ఆ రెండు అరగంటల కూలి ఎంతయో, మూడవదానిలో పోవు ప్రాణము వెల యెంతయో సర్వసభ్య సమావేశములో ఎవరును పైకి లెక్కగట్టి వాదింపలేరు.

పిడుగు తగిలిన మనుష్యుని ముట్టుటకు భయపడువారు గలరు. అతని దేహములో విద్యుత్తు నిలిచియుండదు, ముట్టవచ్చును. గుండె, ఊపిరి ఆగిన వానికి వెంటనే రొమ్ము నడుమ రెండు చేతులు ఒకదానిపై నొకటి యుంచి, నిమిషమునకు 100 నుండి 120 సార్లు గట్టిగ నొక్కుచుండవలెను. 108 బండి వచ్చువరకు విడువరాదు. పలువురు ఒక్కమారు పడినచో మూలుగువారిని కొంతసేపు విడిచి, చచ్చినట్లు పడియున్నవారిని ముందుగ చూడవలెను. మూలుగుచున్నవాడు ఊపిరి తీయుచున్నాడు.

చివరి ఉరుము వినబడిన 30 నిమిషములకు పొలమునకు మరల పోవచ్చును. తడిసిన పనలను గూర్చి ఆతురపడి ముందుగ దిగనక్కరలేదు. లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున కల్లుప్పు కరిగించి, వడగట్టి, ఆ ద్రావణమును వెన్నుల మీద బాగుగ తడియునట్లు చల్లినచో మొలక రాకుండ ఆగును. గట్టులు తెగగొట్టి నీరు తీసి, మరునాటి ఎండకు పనలను తిరుగవేయవచ్చును.